మందు చేతికిచ్చినాయనే హెచ్చరికా చేశాడు
పెన్సిలిన్ ఫ్లెమింగ్ జీవితంలో మనకు చెప్పని సగం

పెన్సిలిన్ పేరు వినని తెలుగువాడు ఉండడు. ఒకప్పుడు ఊరి ఆస్పత్రిలో సూది అంటే చాలామందికి పెన్సిలిన్ సూదే. దాన్ని కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గురించి మనమంతా బడిలో చదువుకున్నవాళ్లమే. బూజు పట్టిన గాజు పళ్లెం, చచ్చిపోయిన క్రిములు, నోబెల్ బహుమతి... అక్కడితో పాఠం అయిపోయేది. నిజానికి అది సగం కథే. ఏ మందు ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు అని ఆ మనిషి నలభై ఏళ్లు పట్టించుకున్న సంగతి మనకు ఎవరూ చెప్పలేదు. గదికి ఎనిమిది మంది, పది మంది చొప్పున బతుకుతూ, ఒకరి సంచిలోని గోలీలు ఇంకొకరు మింగే మనలాంటి గల్ఫ్ కార్మికులకు ఆ రెండో సగమే ఎక్కువ పనికొస్తుంది.

మేము డాక్టర్లం కాము. డిప్లొమా చదివి, సైట్ల మీద సూపర్‌వైజర్లుగా ఇసుక, సిమెంటు, ఇనుము లెక్కలు చూసుకునేవాళ్లం. అయినా ఈ జీవితాన్ని చదువుతుంటే మన పనికి, ఆయన పనికి పోలికలు చాలా కనబడ్డాయి. అందుకే నలుగురితో పంచుకుందామని రాస్తున్నాం.

పల్లె నుంచి పట్నానికి

స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో డార్వెల్ అనే చిన్న ఊరుంది. దానికి దగ్గర్లోని లాక్‌ఫీల్డ్ అనే పొలంలో 1881 ఆగస్టు 6న ఫ్లెమింగ్ పుట్టాడు. తండ్రి హ్యూ రైతు. రెండో భార్య గ్రేస్‌కు పుట్టిన నలుగురిలో అలెగ్జాండర్ మూడోవాడు. ఏడేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. పిల్లవాడు ఎత్తుపల్లాల దారుల్లో నడిచి బడికి పోయేవాడు. వాగులు, పిట్టలు, గొర్రెలు, గడ్డి... ఏ చిన్న మార్పునైనా కనిపెట్టే చూపు ఆయనకు అక్కడే వచ్చిందని జీవితచరిత్రలు రాసినవాళ్లు చెబుతారు.

పొలం మీద అందరికీ తిండి దొరకదు. ఇది మనకు చెప్పాల్సిన పని లేదు. పదమూడేళ్ల వయసులో ఆయన లండన్ పట్నం చేరాడు. అప్పటికే అక్కడ డాక్టరుగా ఉన్న అన్న టామ్ దగ్గర ఉండి కొన్నాళ్లు చదివి, ఆ తర్వాత ఓడల కంపెనీలో గుమాస్తాగా కుదిరాడు. నాలుగేళ్లు లెక్కలు రాశాడు. ఆ పని ఆయనకు నచ్చలేదు. కానీ ఇంకో దారి లేదు.

1901లో చిన్నాయన ఒకాయన చనిపోతూ రాసిన ఆస్తిలో 250 పౌండ్లు ఈయన వాటాకు వచ్చాయి. అన్న టామ్ సలహాతో ఆ డబ్బును వైద్యం చదువుకు పెట్టాడు. సెయింట్ మేరీస్ అనే ఆస్పత్రి కాలేజీని ఎంచుకున్నాడు. ఎందుకంటే, వాళ్ల జట్టుతో ఒకసారి నీళ్లలో బంతాట ఆడాడట, అంతకు మించి ఆ కాలేజీ గురించి ఆయనకు తెలియదు! 1906లో డిస్టింక్షన్‌తో వైద్య పట్టా తీసుకున్నాడు. సర్జన్ అయి వెళ్లిపోవాల్సినవాడే. తుపాకి గురి చూసి కొట్టడంలో దిట్ట కాబట్టి కాలేజీ రైఫిల్ జట్టు ఆయన్ను వదులుకోలేక, ఆల్మ్రోత్ రైట్ అనే పెద్ద శాస్త్రవేత్త ప్రయోగశాలలో పని ఇప్పించింది. ఆ చిన్న స్వార్థం ప్రపంచానికి ఎంత మేలు చేసిందో చూడండి. చివరిదాకా ఆయన ఆ ఆస్పత్రిని వదల్లేదు.

606 సిపాయి

1910 ప్రాంతంలో జర్మనీ నుంచి పాల్ ఎర్లిక్ తయారుచేసిన సాల్వర్సాన్ అనే కొత్త మందు వచ్చింది. దానికి 606 అని ఇంకో పేరు. అప్పట్లో కొంపలు కూల్చే సిఫిలిస్ రోగానికి అది మందు. కానీ అందులో ఉన్నది ఆర్సెనిక్, అంటే పాషాణం. సరిగ్గా నరంలోకే ఎక్కించాలి. బయట కండలోకి కారితే ఆ చోటు పుండై కుళ్లుతుంది. మోతాదు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. అప్పటికి నరానికి సూది వేయడం చాలామంది డాక్టర్లకు చేతకాని పని. లండన్‌లో దాన్ని జాగ్రత్తగా ఇవ్వగలిగిన కొద్దిమందిలో ఫ్లెమింగ్ ఒకరు. ఆయన లండన్ స్కాటిష్ అనే వాలంటీర్ రెజిమెంట్‌లో సిపాయి కూడా కావడంతో స్నేహితులు ఆయనకు 606 సిపాయి అని పేరు పెట్టారు.

రోగాన్ని చంపే మందే మనిషినీ చంపగలదు, తేడా అంతా మోతాదులో, ఇచ్చే పద్ధతిలో ఉంది. ఈ సంగతి ఆయనకు ఆ రోజుల్లోనే చేతి అనుభవంతో తెలిసింది.

గాయాల లోపల ఏముంది?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రైట్ బృందం ఫ్రాన్స్‌లోని బులోన్ అనే రేవు పట్నానికి పోయి, ఒక జూదశాల భవనంలో ప్రయోగశాల పెట్టింది. ఫ్లెమింగ్ కూడా సైనిక వైద్య విభాగంలో చేరి అక్కడికే వెళ్లాడు. రోజూ గాయపడ్డ సిపాయిలు వచ్చేవాళ్లు. తూటా ముక్కలతోపాటు బురద, చిరిగిన బట్ట పీలికలు గాయం లోపలికి పోయేవి. అవి ఎరువు వేసిన పొలాలు. ఆ మట్టి నిండా క్రిములే. గాయం చీముపట్టి, కుళ్లి, మనుషులు చనిపోయేవారు.

డాక్టర్లు ఏం చేసేవాళ్లంటే, కార్బాలిక్ యాసిడ్ లాంటి ఘాటైన మందులు గాయాల్లో పోసేవాళ్లు. మంట పుట్టిందంటే మందు పనిచేస్తున్నట్టే అని అందరి నమ్మకం. ఫ్లెమింగ్‌కు అనుమానం వచ్చింది. పోసిన తర్వాత నిజంగా క్రిములు తగ్గాయా లేదా అని లెక్క తీశాడు. లోతైన గాయాల్లో తగ్గడం లేదు. పైగా మన ఒంట్లో క్రిములతో పోట్లాడే తెల్ల రక్తకణాలు ఆ మందుకు ముందు చచ్చిపోతున్నాయి. దొంగను కొట్టబోయి కాపలావాణ్ణి కొట్టినట్టయింది.

దీన్ని కళ్లకు కట్టేలా చూపించాలని ఆయన ఒక గాజు గొట్టం తీసుకుని వేడిచేసి, దాని గోడల నుంచి ముళ్లలాగా బోలు గొట్టాలు బయటికి లాగాడు. చిరిగిన గాయంలోని సందులకు అది నమూనా. అందులో క్రిములున్న ద్రవం పోసి, పారబోసి, ఘాటు మందు నింపాడు. తర్వాత మందు తీసేసి శుభ్రమైన ద్రవం పోసి ఉంచాడు. మర్నాటికల్లా మళ్లీ క్రిములే. సందుల చివర దాక్కున్నవాటికి మందు అందనే లేదు.

కాంక్రీటు పని చేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వైబ్రేటర్ సరిగా పెట్టక కాలమ్ లోపల హనీకోంబ్ పడితే, పైన గ్రౌటు పూసి నున్నగా చేస్తే ఏం లాభం? లోపలి బోలు లోపలే ఉంటుంది. చెడ్డ కాంక్రీటు కొట్టి తీసేయాల్సిందే. రైట్, ఫ్లెమింగ్ చెప్పింది కూడా అదే. చచ్చిన కండను సర్జన్ కోసి తీసేయాలి, ఉప్పునీళ్లతో కడగాలి, ఒంట్లోని కణాలను వాటి పని చేసుకోనివ్వాలి అన్నారు. చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. అలవాటైన మందు మానడం కష్టం మరి. కానీ మందు మంచి చేస్తుందని నమ్మడం వేరు, లెక్కతీసి చూడడం వేరు అని ఫ్లెమింగ్ ఆ యుద్ధంలో నేర్చుకున్నాడు. యుద్ధం మధ్యలోనే, 1915లో, సారా అనే ఐరిష్ నర్సును పెళ్లాడాడు.

బూజు పట్టిన పళ్లెం

యుద్ధం తర్వాత ఆయన వెతికింది ఒక్కదానికోసమే. క్రిమిని చంపాలి, కాపలావాణ్ణి చంపకూడదు. 1922లో లైసోజైమ్ అనే పదార్థం గురించి ప్రకటించాడు. అది మన కన్నీళ్లలో, చీమిడిలో, గుడ్డు తెల్లసొనలో సహజంగా ఉంటుంది. కొన్ని క్రిములను కరిగిస్తుంది. కానీ పెద్ద రోగాలు తెచ్చే క్రిముల మీద దాని బలం చాలదు.

1928 వేసవిలో కుటుంబంతో సెలవుకు పోయి, సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. బల్ల మీద వదిలిన గాజు పళ్లేలు కడగబోతూ ఒకదాన్ని చూసి ఆగాడు. అందులో చీము పుట్టించే స్టెఫిలోకాకస్ క్రిములను పెంచాడు. ఒక మూల బూజు పట్టింది. ఆ బూజు చుట్టూ క్రిములు కరిగిపోయి ఉన్నాయి. ఇంకొకరైతే కడిగి పారేసేవాళ్లే. ఆయన మాత్రం ఆ బూజును విడిగా పెంచి, దాని రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాడు.

బడిలో చెప్పని సంగతి ఇక్కడుంది. క్రిములను చంపుతుందా అని చూసి ఆయన సంతోషపడి ఊరుకోలేదు. బులోన్‌లో ఘాటు మందులకు పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాడు. తెల్ల రక్తకణాలకు హాని చేస్తుందా? చేయడం లేదు. కుందేలుకు, ఎలుకకు ఎక్కిస్తే విషమవుతుందా? అవడం లేదు. ఏ క్రిముల మీద పనిచేస్తుంది, ఏవాటి మీద పనిచేయదు అని జాబితా కూడా రాశాడు. 1929లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఇవన్నీ ఉన్నాయి. అంటే పెన్సిలిన్ పుట్టిన రోజు నుంచే దాని భద్రత లెక్క, దాని హద్దు లెక్క రెండూ రాసిపెట్టి ఉన్నాయన్నమాట.

అయితే ఆ రసం నుంచి మందును శుద్ధి చేసి తీయడం ఆయన వల్ల, ఆయన సహాయకుల వల్ల కాలేదు. పదేళ్లకు పైగా అది మందు కాలేకపోయింది. ఆ పని చేసింది ఆక్స్‌ఫర్డ్‌లో హోవార్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ మొదలైనవాళ్లు. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతక క్రిములు ఎక్కించి నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. మందు అందని నాలుగూ రాత్రికి రాత్రే చచ్చిపోయాయి. పేరంతా ఫ్లెమింగ్‌కే వచ్చినా, వీళ్లు లేకపోతే మందు లేదు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం.

మందు అయిపోయిన రోజు

1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కు పెన్సిలిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. ముఖమంతా చీముగడ్డలు, ఒక కన్ను అప్పటికే పోయింది. రోజులు గడవకముందే జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. అందరూ బతికాడనే అనుకున్నారు. కానీ తయారైన మందే కొంచెం. రోగి మూత్రం నుంచి కూడా మందును తిరిగి తీసి వాడారు. అయిదు రోజులకు అదీ అయిపోయింది. రోగం తిరగబెట్టి మార్చి 15న ఆయన చనిపోయాడు. నయమైనట్టు కనిపించడం వేరు, నయం కావడం వేరు అని ఆ చావు నేర్పింది.

1942 ఆగస్టులో ఫ్లెమింగ్‌కే అలాంటి పరీక్ష వచ్చింది. హారీ ల్యాంబర్ట్ అనే పరిచయస్తుడికి మెదడు పొరల వాపు. సల్ఫా మందులు పనిచేయలేదు. ఫ్లెమింగ్ ఫ్లోరీని అడిగి పెన్సిలిన్ తెచ్చుకున్నాడు. కండకు ఇస్తే మందు మెదడు చుట్టూ ఉన్న నీటికి చేరడం లేదని పరీక్షచేసి తెలుసుకుని, వెన్నుపూసల మధ్య నుంచి నేరుగా ఎక్కించాడు. ల్యాంబర్ట్ లేచి ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కదిలింది. అమెరికా కంపెనీలు భారీగా తయారుచేయడంతో 1944 నాటికి సైన్యానికి సరిపడా మందు అందింది. అదే ఏడాది ఫ్లెమింగ్‌కు సర్ బిరుదు, 1945లో ఫ్లోరీ, చెయిన్‌లతో కలిపి నోబెల్ వచ్చాయి.

చిన్నప్పుడు చర్చిల్‌ను కాపాడిన రైతు కొడుకే ఫ్లెమింగ్ అని, తర్వాత పెన్సిలిన్‌తో మళ్లీ ఆయన్నే కాపాడాడని ఒక కథ తిరుగుతుంటుంది. అది కల్పన. 1943లో చర్చిల్‌కు న్యుమోనియా వస్తే ఇచ్చింది సల్ఫా రకం మందు.

నోబెల్ వేదిక మీద కట్టుకథ

1945 డిసెంబరు 11న స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇచ్చాడు ఫ్లెమింగ్. ప్రపంచమంతా పొగుడుతున్న సమయం. అలాంటి చోట ఆయన తన మందు వల్ల రాబోయే ప్రమాదం చెప్పాడు. పెన్సిలిన్ షాపుల్లో ఎవరికైనా దొరికే రోజు వస్తుంది, అప్పుడు తెలియనివాళ్లు తక్కువ మోతాదు వేసుకుంటారు, క్రిములు చావకుండా మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి అన్నాడు. ఒక కట్టుకథ కూడా చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వస్తుంది. సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని, చాలీచాలకుండా వేసుకుంటాడు. మొండికేసిన ఆ క్రిములు భార్యకు అంటుకుని ఆమెకు న్యుమోనియా వస్తుంది. డాక్టర్ పెన్సిలిన్ ఇస్తే పనిచేయదు. ఆమె చనిపోతుంది. తప్పు ఎవరిది అని అడిగి, భర్తదేనని తేల్చాడు.

ఇది ఎలా జరుగుతుందో సూటిగా చెప్పుకుందాం. లక్షల క్రిముల్లో ఏవో కొన్ని పుట్టుకతోనే మొండివి ఉంటాయి. చాలీచాలని మందు మెత్తనివాటిని చంపి, మొండివాటికి చోటు ఖాళీ చేసి ఇస్తుంది. ఇక పెరిగేవన్నీ వాటి పిల్లలే.

హెచ్చరిక నిజం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పెన్సిలిన్‌ను ముక్కలు చేసే పదార్థం కొన్ని క్రిముల్లో ఉందని చెయిన్, ఆయన సహచరుడు అబ్రహాం 1940లోనే చూశారు. లండన్‌లోని ఒక ఆస్పత్రిలో మేరీ బార్బర్ అనే శాస్త్రవేత్త లెక్క తీస్తే, పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ 1946లో నూటికి 14 ఉండగా, 1948 నాటికి సగం దాటింది. 1947లో బ్రిటన్ చట్టం చేసి డాక్టర్ చీటీ లేకుండా పెన్సిలిన్ అమ్మకూడదంది. ఆయన కట్టుకథలోని గొంతు క్రిమి మాత్రం ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మొండికేసింది ఆయన 1928 పళ్లెంలో చచ్చిన స్టెఫిలోకాకస్ జాతే. ఏ క్రిమి ఎప్పుడు తిరగబడుతుందో ముందే ఎవరూ చెప్పలేరనడానికి ఇది సాక్ష్యం.

మన గదుల్లో మాట

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఊరి నుంచి వచ్చేటప్పుడు దగ్గుకు, జ్వరానికి, పంటినొప్పికి అని తలా ఒక పొట్లం తెచ్చుకుంటాం. డ్యూటీ పోతుందని, జీతం కోస్తారని క్లినిక్‌కు పోము. పక్క మంచం అన్న ఇచ్చిన నాలుగు గోలీల్లో రెండు మింగి, ఒళ్లు తేలికపడగానే మిగతా రెండు దాచిపెడతాం, ఇంకొకరికి పనికొస్తాయని. అది మంచితనంతో చేసే పనే. కానీ ఫ్లెమింగ్ కథలోని భర్త కూడా చెడ్డవాడేం కాదు.

స్లాబ్ పోసిన మర్నాడు పైన గట్టిగానే కనిపిస్తుంది. అంతమాత్రాన నీళ్లు కట్టడం ఆపుతామా? షట్టరింగ్ విప్పుతామా? ఎన్ని రోజులనేది ఇంజినీరు చెప్పాలి. మందు కూడా అంతే. కొన్ని రోగాలకు తక్కువ రోజులు చాలని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి, కొన్నిటికి నెలల తరబడి వాడాలి. ఎక్కువ వాడినా ముప్పే, తక్కువ వాడినా ముప్పే. అందుకే రోజుల లెక్క డాక్టర్‌కు వదలాలి. ఆపాలనిపిస్తే ఆయన్నే అడగాలి.

మామూలు జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయోటిక్ పనిచేయదు. ఇంకొక ముఖ్యమైన విషయం. పెన్సిలిన్ కొందరి ఒంటికి అస్సలు పడదు. ఊపిరి ఆడక నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. మనం తరచుగా వాడే అమాక్సిసిలిన్ కూడా ఆ కుటుంబంలోదే. మీకు పడిన గోలీ పక్కవాడికి పడాలని లేదు. ఏ మందైనా పడకపోతే ఆ పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, క్లినిక్‌లో ముందు అదే చూపించండి.

మన దేశంలో కొన్ని బలమైన యాంటీబయోటిక్‌ల అమ్మకాన్ని షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలని 2014లో నిబంధన వచ్చింది. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని 2016లో కేంద్రం ప్రచారం చేసింది. చదువు రాకపోయినా ఆ గీత కనబడుతుంది. ఇక నొప్పికి వాడే ట్రామడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడీన్ లాంటివి అనుమతి లేకుండా యూఏఈకి తెస్తే కేసు అవుతుంది. తెలిసినవాళ్లు ఇచ్చిన పొట్లం అని తీసుకొచ్చే ముందు లోపల ఏముందో చూసుకోవాలి.

చివరి రోజులు

సారా 1949లో చనిపోయింది. 1953లో తన దగ్గర పనిచేసిన గ్రీకు శాస్త్రవేత్త అమాలియాను ఫ్లెమింగ్ పెళ్లాడాడు. ఎన్ని సన్మానాలు జరిగినా ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. 1955 మార్చి 11న లండన్‌లోని తన ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశాడు. సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చిలో సమాధి చేశారు.

2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని క్రిముల వల్లే చనిపోయారని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఫ్లెమింగ్ హెచ్చరించింది సరిగ్గా దీని గురించే. ఆయన కనిపెట్టిన మందును ప్రపంచం రెండు చేతులా తీసుకుంది, మాటను మాత్రం సగమే విన్నది. మిగతా సగం వినడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. దాచిపెట్టిన సగం స్ట్రిప్ పక్కవాడి చేతిలో పెట్టడం మాని, వాణ్ణి క్లినిక్ దాకా తోడు తీసుకెళ్తే చాలు. ఒక పూట డ్యూటీ పోతే పోయింది. ఇంటి దగ్గర వాడికోసం చూసేవాళ్లు ఉన్నారు.